లెవెల్‌మాన్ ఉర్దూ మానేసిన ఏడాది

ఆ ఏడు ఏప్రిల్ మొదటి వారంలో మా లెవెల్‌మాన్ ఉర్దూ మాట్లాడటం మానేశాడు. ముందుగా ఎవరికీ చెప్పలేదు. ఎవరితోనూ పోట్లాడలేదు. పొద్దున ఆరింటికి సైట్‌కు పోయే లారీ ఎక్కుతుంటే చాచా ఎప్పటిలాగే సలాం చెప్పి, నిద్ర పట్టిందా అని ఉర్దూలో అడిగాడు. లెవెల్‌మాన్ సలాముకు సలాం చెప్పి, ప్రశ్నకు మాత్రం బెంగాలీలో ఏదో అన్నాడు. సరిగా వినబడలేదనుకుని చాచా మళ్ళీ అడిగాడు. మళ్ళీ బెంగాలీలోనే జవాబు వచ్చింది. లారీ కదిలింది. 

అది డెబ్బై ఒకటి. ఒమాన్ సముద్రతీరం వెంట, సహం దగ్గర రోడ్డు పడుతున్న రోజులు. అంతకుముందు అక్కడ రోడ్డనేదే లేదు. ఇసుకలో చక్రాల గాడి ఎటు పోతే అటే దారి. కొత్త సుల్తాను గద్దెనెక్కి ఏడాది కూడా కాలేదు. ఎక్కడ చూసినా ఏదో ఒకటి మొదలవుతూ ఉండేది. ఒకవైపు ఖర్జూరం తోటలు, ఒకవైపు చేపలు ఎండేసిన ఒడ్డు, మధ్యలో మా గుడారాల క్యాంపు.

మా సర్వే పార్టీలో ముగ్గురం. మూడు కాళ్ల స్టాండు మీద లెవెల్ మిషన్ పెట్టి, దుర్భిణిలోంచి చూసి అంకె చెప్పేవాడు లెవెల్‌మాన్. తూర్పు పాకిస్తాన్‌లో బరిశాల్ జిల్లా అతనిది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. దూరంగా అంకెలున్న కొయ్యబద్దను నిలువుగా పట్టుకుని నిలబడేవాడు చాచా. పశ్చిమ పాకిస్తాన్‌లో పంజాబు మనిషి, రిటైరైన సిపాయి. యాభై దాటినా బద్ద పట్టుకుంటే ఇంచు కదిలేవాడు కాదు. కొడుకు కూడా సిపాయే. ఆ జనవరిలో కొడుకును ఢాకాకు మార్చారని చాచా ఎంతో సంబరంగా లెవెల్‌మాన్‌కు చెప్పి, "మీ ఊరి చేపలు తింటాడిక" అన్నాడు. లెవెల్‌మాన్ చెప్పే అంకెలను పుస్తకంలో రాసి, లెక్క కట్టేవాణ్ణి నేను. ఇరవై మూడేళ్లు. కరీంనగర్ జిల్లా.

నేను అక్కడికి చేరిన కారణం కూడా చెప్పాలి. అరవై తొమ్మిదిలో నేను పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ఉన్నాను. ప్రత్యేక తెలంగాణ కోసం కాలేజీలు మూతబడ్డాయి. ఊరేగింపుల్లో తిరిగాను, లాఠీ దెబ్బలు తిన్నాను, వారం రోజులు లాకప్పులో ఉన్నాను. పరీక్షలు పోయాయి. ఆ తర్వాత ఉద్యమమూ చల్లబడింది. మా బాపు నా మొహం చూడలేక బొంబాయిలో తెలిసినవాళ్ల దగ్గరకు పంపాడు. అక్కడి నుంచి ఓడెక్కి మస్కట్‌కు వచ్చాను. ఏదో సగంలో వదిలేసి వచ్చానన్న బాధ నాతోనే ఓడెక్కింది.

లెవెల్‌మాన్ అప్పటికి రెండేళ్ల ముందే వచ్చాడు. నేను చేరిన కొత్తలో అతను చాలా సంతోషంగా ఉండేవాడు. వాళ్ల దేశంలో డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. పన్నెండేళ్లుగా సైనికుల పాలనలో ఉన్న దేశంలో, మనిషికో ఓటు లెక్కన జరిగిన మొదటి ఎన్నికలు. వాళ్ల పార్టీ గెలిచింది. క్యాంపులో అందరికీ హల్వా పంచాడు. చాచా కూడా రెండుసార్లు పెట్టించుకున్నాడు. "ఎవరు గెలిస్తేనేం, సిపాయిలం మేం బారకుల్లోకి పోతాం, అదే మంచిది" అన్నాడు.

ఫిబ్రవరిలో లెవెల్‌మాన్ భార్య నుంచి ఉత్తరం వచ్చింది. ఓటు వేయడానికి పడవలో రెండు గంటలు పోయిందట. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని వరుసలో కూర్చుందట. ఆ ఉత్తరం ఉర్దూలోకి మార్చి మాకు చదివి వినిపించాడు. అతను ఉర్దూలో మాకు చదివిన చివరి ఉత్తరం అదే.

మార్చి మొదటి రోజున, గెలిచినవాళ్ల సభ ఇప్పుడు జరగదని సైనిక పాలకుడు ప్రకటించాడు. ఆ రోజు నుంచి లెవెల్‌మాన్ ఒకచోట కూర్చోలేదు. భోజనం నిలబడే తినేవాడు. మధ్యాహ్నం విరామంలో అందరం గుడారాల్లో వాలితే, అతను ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని సముద్రం ఒడ్డున ఎండలోనే తిరిగేవాడు. స్టేషను దొరికేది, జారిపోయేది. మార్చి చివరి వారంలో ఢాకా రేడియోలో అతనికి తెలిసిన గొంతులు ఆగిపోయాయి. వేరే గొంతు వచ్చి అంతా సవ్యంగా ఉందని చెప్పడం మొదలుపెట్టింది. మిగతా రేడియోలు సైన్యం వీధుల్లోకి వచ్చిందని, యూనివర్సిటీ మీద కాల్పులు జరిగాయని చెప్పాయి. స్వతంత్ర దేశం అని ఎవరో ప్రకటించారన్నారు. ఆ కబురుతో అతను ఒడ్డు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి, ఎవరికి చెప్పాలో తెలియక వంటపాక ముందు నిలబడిపోయాడు.

మా వంటమనిషి కడప సాయిబు. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు. నేను మామా అనేవాణ్ణి. గరిటె కింద పెట్టి అతను లెవెల్‌మాన్ భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత నాతో తెలుగులో అన్నాడు: "ఏమబ్బీ, ఈ మనిషి వణుకుతాండాడు సూడు. కూసోబెట్టు."

"కూసోడు మామా. నెల దినాల సంది కూసుంటలేడు," అన్నాను.

ఉర్దూ మానేసింది ఆ తర్వాతే. వాళ్ల వీధుల్లోకి వచ్చిన సైన్యం మాట్లాడేది ఆ భాషే.

ఆ క్యాంపులో ఉర్దూ లేకుండా బతకడం ఎంత కష్టమో చెప్తే తప్ప అర్థం కాదు. పఠాన్లు, బలూచీలు, మలయాళీలు, మేము, చివరికి ఒమానీ డ్రైవర్లు కూడా అందులోనే మాట్లాడుకునేవాళ్లం. ఎవరి ఉర్దూ వాళ్లది, కానీ నీళ్లు అడగాలన్నా, లారీ ఆపమనాలన్నా అదే. లెవెల్‌మాన్‌కు అందరికంటే మంచి ఉర్దూ వచ్చు. అతను మానేసరికి కొందరు వెక్కిరించారు, కొందరు తిట్టారు. అతను పట్టించుకోలేదు. ఇంజినీరుతో ఇంగ్లీషు, మిగతా అందరితో బెంగాలీ.

సైట్‌లో చాచాతో చేతి సైగలతో పని నడిపాడు. కుడికి, ఎడమకు, నిటారుగా, అయిపోయింది. నూరు గజాల దూరంలో చాచా ఎండలో బద్ద పట్టుకుని ఆ చేతినే చూస్తూ ఉండేవాడు. మొదటి వారం నిజంగానే కోపగించుకున్నాడు. ఒకరోజు తిరిగి వస్తూ నాతో, "నేనేం చేశాను చెప్పు. నేను వాళ్ల ఊరికి పోయానా?" అన్నాడు. కొడుకు అక్కడికే పోయాడన్న సంగతి ఇద్దరికీ తెలుసు. 

నాకొచ్చిన చిక్కు వేరు. అంకెలు కూడా బెంగాలీలోనే వచ్చేవి. మొదటి రోజు నేను పెన్సిలు పట్టుకుని వెర్రి మొహం వేస్తే, తన బూటుతో ఇసుకలో గీతలు గీసి, ఒక్కొక్కటీ చూపిస్తూ నేర్పాడు. ఎక్, దుయ్, తిన్, చార్. హిందీకి దగ్గరే. నాలుగు రోజుల్లో పట్టుబడ్డాయి. సాయంత్రాలు మాటలు కూడా నేర్పేవాడు. నేనతన్ని అప్పటిదాకా 'భాయ్' అనేవాణ్ణి. ఉర్దూ కదా, మానేయాలా అని అడిగాను. మొదటిసారి నవ్వాడు. "భాయ్ మాకూ భాయే" అన్నాడు.

అట్లా ఒక సాయంత్రం, సగం బెంగాలీ సగం ఇంగ్లీషులో నా సంగతి అడిగాడు. అరవై తొమ్మిది గురించి చెప్పాను.

"మీరడిగింది దేశమా?"

"కాదు భాయ్. రాష్ట్రం."

"మీ మీద తుపాకులు పేల్చారా?"

"పేల్చారు. చాలామంది పిల్లలు పోయారు."

అతను ట్రాన్సిస్టర్ ఆపేశాడు. తర్వాత, "మళ్ళీ ఓట్లు పెట్టారా?" అని అడిగాడు.

"ఈ మార్చిలోనే పెట్టారు. మావాళ్లు అక్కడ బాగా గెలిచారు."

"గెలిచినవాళ్లను సభలో కూర్చోనిచ్చారా?"

"కూర్చున్నారు."

"అయితే మీకూ మాకూ తేడా అదే," అన్నాడు. నాకు కొంచెం గర్వంగా అనిపించింది. నిజం చెప్పాలంటే మనకు ప్రజాస్వామ్యం ఉందని గర్వపడింది ఆ రోజే మొదటిసారి. లాకప్పులో నుంచి చూసినప్పుడు అది నాకు అట్లా కనిపించలేదు.

జూన్‌లో నా వల్ల ఒక తప్పు జరిగింది. సహం దాటాక ఒక పెద్ద వాది వచ్చేది. వాది అంటే అక్కడి ఎండువాగు. దాని మీద కల్వర్టు పైపులు ఎంత ఎత్తులో పడాలో లెవెల్ ఇవ్వాలి. తేమతో కూడిన ఎండ, చెమట పుస్తకం మీద కారుతోంది. బెంగాలీలో ఆరును 'ఛొయ్' అంటారు, తొమ్మిదిని 'నొయ్' అంటారు. గాలిలో అతను ఛొయ్ అంటే నేను తొమ్మిది రాసుకున్నాను. మామూలుగా పని ముగిశాక మొదలుపెట్టిన గుర్తు దగ్గరకు తిరిగి వచ్చి లెక్క సరిచూసుకోవాలి. ఆ రోజు ఫోర్‌మన్ తొందరపెట్టాడు. సరిచూడకముందే లెవెల్ ఇచ్చేశాం. వారం తర్వాత చూస్తే పైపులు అడుగు ఎత్తులో పడి ఉన్నాయి. వాన వస్తే నీళ్లు పైపుల్లోంచి పోకుండా తోటల మీదికి మళ్ళుతాయి. తవ్వి తీసి మళ్ళీ వేయాల్సిందే.

మా ఇంజినీరు ఇంగ్లీషువాడు. కోపం వస్తే గొంతు తగ్గించేవాడు. ఆ రోజు చాలా నెమ్మదిగా మాట్లాడాడు. పుస్తకం తెరిచి ముగ్గురి ముందూ పెట్టి, ఈ తప్పు ఎవరిదని అడిగాడు. లెవెల్‌మాన్ వంగి చూశాడు. నా తొమ్మిదిని చూశాడు. 

"రీడింగ్ నాది. తప్పు నాదే," అన్నాడు ఇంగ్లీషులో.

అప్పుడు చాచా ముందుకొచ్చి ఉర్దూలో, "సాహెబ్, ఇతని కన్ను తప్పదు. బద్ద నేనే వంచి పట్టుకున్నానేమో," అన్నాడు. ఆ బద్ద వంగలేదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. ఇంజినీరు ఇద్దరినీ చూసి, నన్ను చూసి, పుస్తకం మూసేశాడు. రేపటి నుంచి అంకెలు ఇంగ్లీషులో చెప్పాలని, లేకపోతే పార్టీనే మారుస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

నేను నోరు తెరవలేదు. ఆ మధ్యాహ్నం, ఆ మర్నాడు, మూడో రోజు కూడా. నాలుగో రోజు లెవెల్‌మాన్ బట్టలు ఉతుక్కుంటుంటే పోయి నిలబడి, "ఆ తొమ్మిది నేనే తప్పు రాసిన," అన్నాను.

"తెలుసు."

"మరి నీ మీద ఎందుకు వేసుకున్నావు?"

చొక్కా పిండుతూ అన్నాడు: "నువ్వు నా అంకెలు రాయడానికి నా భాష నేర్చుకున్నావు. నేను మొండికేయకపోతే నువ్వు తప్పు రాసేవాడివి కాదు. లెక్కకు లెక్క సరిపోయింది. కానీ ఇంజినీరుకు చెప్పు. నా కోసం కాదు."

పోయి చెప్పాను. ఇంజినీరు తల ఎత్తకుండానే, "ఆ రోజే నీ మొహం చూస్తే తెలిసింది" అన్నాడు. అంతే. శిక్ష లేదు. శిక్ష పడి ఉంటేనే నాకు తేలికగా ఉండేది.

వేసవి గడిచింది. లెవెల్‌మాన్‌కు ఇంటి నుంచి ఒక్క ముక్క రాలేదు. లక్షల మంది సరిహద్దు దాటి ఇండియాకు వస్తున్నారని రేడియో చెప్పేది. నేను మా ఇంటికి ఉత్తరం రాస్తూ, పేపర్లో బరిశాల్ పేరు ఎక్కడైనా కనిపిస్తే కత్తిరించి పంపమన్నాను. బాపు మూడు నాలుగు తెలుగు పేపరు ముక్కలు పంపాడు. నేను వాటిని బెంగాలీలోకి మార్చలేక ఇంగ్లీషులో తడబడుతూ చదివితే, అతను అట్లా కాదు, ఊరి పేర్లు మాత్రం చదువు అనేవాడు. పేర్లు వింటూ ఒడ్డు వెంట నడిచేవాడు. నేనూ వెంట నడిచేవాణ్ణి. ఆ ఏడాది ఎంత నడిచానో నాకే తెలియదు. కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉండేది.

సెప్టెంబరులో అతని పాస్‌పోర్టు గడువు ముగిసింది. కంపెనీ గుమాస్తా పిలిచి, కొత్తది చేయించుకో, కాగితం లేకపోతే ఇక్కడ ఉండనివ్వరు అని చెప్పాడు. అతను చేయించుకోనన్నాడు.

"ఆ దేశం పేరు మీద ఇంకో కాగితం తీసుకోను."

"మరి నీ దేశం పేరు మీద ఎవరిస్తారు?" అన్నాడు గుమాస్తా. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.  ఇంజినీరు ఏం మాట్లాడాడో గానీ, రోడ్డు పని అయ్యేవరకు కదిలించవద్దని ఒక ఉత్తరం రాసిచ్చాడు. ఆ ఉత్తరం మడతలు పడి చిరిగేదాకా లెవెల్‌మాన్ జేబులోనే ఉండేది.

అక్టోబరులో ఒక పొద్దున, ఎండ ఇంకా మెత్తగా ఉన్నప్పుడు, లెవెల్‌మాన్ చేత్తో ఎడమకు జరుగు అని సైగ చేశాడు. చాచా జరిగి, బద్ద సరిచేసి, అంత దూరం నుంచి అరిచాడు: "ఠిక్ ఆఛే?"

సరిగ్గా ఉందా అని, బెంగాలీలో. వంటపాకలో మామ దగ్గర నేర్చుకున్నాడట. మామ నన్నడిగి నేర్చుకున్నాడు. లెవెల్‌మాన్ దుర్భిణి నుంచి కన్ను తీయలేదు.  తర్వాత చెయ్యి పైకెత్తి, "ఠిక్ ఆఛే" అని అరిచాడు. ఆ తర్వాత రెండు నెలలు మా పని అన్నిటికంటే వేగంగా సాగింది.

డిసెంబరులో ఇండియా, పాకిస్తాన్ యుద్ధం మొదలైంది.

ఆ రెండు వారాలు గుర్తొస్తే ఇప్పటికీ ఒకచోట కూర్చోలేను. క్యాంపులో బల్లలు వాటంతటవే విడిపోయాయి. ఇటు మేం, అటు వాళ్లు. మామ రెండు గిన్నెల్లో ఒకే కూర పట్టుకుని అటూ ఇటూ తిరిగేవాడు. ఒకరిద్దరు పఠాన్లు అతన్ని, నువ్వు ఎటు అని అడిగారు. "నేను పొయ్యి కాడ" అన్నాడట. నాతో మాత్రం, "అబ్బీ, మా అన్న కొడుకు మన మిలిటరీలో ఉండాడు. ఎవురితో సెప్పేది?" అని కళ్లు తుడుచుకున్నాడు. భోజనాల పాకలో రేడియో పెట్టవద్దని ఇంజినీరు ఆర్డరు వేశాడు. ఎవరి రేడియో వాళ్ల గుడారంలోకి పోయింది. ఎవరి యుద్ధం వాళ్లు గెలిచారు.

సైట్ మాత్రం ఆగలేదు. చాచా బద్ద పట్టుకునేవాడు. ఎటూ జరగమని చెప్పే అవసరం లేనట్టు ముందే సరిగ్గా నిలబడేవాడు. 

పదహారో తేదీ సాయంత్రం, ఢాకాలో సైన్యం లొంగిపోయిందని తెలిసింది. మా గుడారంలో కేకలు వేశారు, ఎవరో కంచం వాయించారు. నేనూ ఎగిరాను. లెవెల్‌మాన్ కోసం వెతికితే నీళ్ల డ్రమ్ము దగ్గర మొహం కడుక్కుంటూ కనిపించాడు. కడిగిందే కడుగుతున్నాడు. నేను పట్టుకుంటే, "నాకు ఇప్పుడు ఇల్లు ఎక్కడుందో తెలియాలి. ఎవరున్నారో తెలియాలి" అన్నాడు. తర్వాత వంటపాకకు పోయి రెండు గ్లాసుల టీ తీసుకుని చాచా గుడారం వైపు నడిచాడు. నేను వెంట పోయాను.

చాచా మంచం మీద గుడారం గుడ్డవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. లెవెల్‌మాన్ గుమ్మంలో నిలబడి, ఎనిమిదిన్నర నెలల తర్వాత, ఉర్దూలో అడిగాడు:

"చాచా, అబ్బాయి సంగతి ఏమైనా తెలిసిందా?"

చాచా తిరగలేదు. "నువ్వు నీ భాషలోనే మాట్లాడు," అన్నాడు. "ఇవాళ నీ రోజు. నన్ను వదిలెయ్."

లెవెల్‌మాన్ గ్లాసు నేల మీద పెట్టి బయటికి వచ్చేశాడు. పొద్దున పోయి చూస్తే టీ అట్లాగే ఉంది, చీమలు పట్టి. వారం తర్వాత చాచా వేరే సర్వే పార్టీకి మార్పించుకుని వెళ్లిపోయాడు. లారీ ఎక్కేటప్పుడు నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడిగాడు. ఖైదీలను మీ ఉత్తర దేశానికి తీసుకుపోయారంటున్నారు, అక్కడ చలి ఎక్కువా, అని. ఎక్కువేమీ ఉండదన్నాను. నేను ఉత్తర దేశం ఎప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరిలో కలకత్తా మీదుగా లెవెల్‌మాన్‌కు ఉత్తరం వచ్చింది. అతని భార్యా పిల్లలు నది అవతల బంధువుల ఊళ్లో బతికి ఉన్నారు. ఇల్లు కాలిపోయింది. తమ్ముడు వర్షాకాలంలో పోరాటానికి పోయి తిరిగి రాలేదు. తమ్ముడి వయసు నా వయసే. ఆ ఉత్తరం బెంగాలీలోనే చదివాడు. నాకు చాలావరకు అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది.

మార్చిలో అతను వెళ్లిపోయాడు. మస్కట్ పక్కనున్న మత్రా రేవు దాకా నేను కూడా పోయాను. ఓడ టికెట్లు ఇచ్చే ఆఫీసులో ఫారం నింపుతూ దేశం అన్నచోట కొత్త పేరు రాశాడు. గుమాస్తా మనవాడే, మన దేశంవాడు. అచ్చువేసిన జాబితా చూసి, "ఈ పేరు ఇందులో లేదు" అని కొట్టేశాడు. లెవెల్‌మాన్ ఇంకో ఫారం తీసుకుని మళ్ళీ అదే రాశాడు. గుమాస్తా మళ్ళీ కొట్టేశాడు. మూడోది ఇచ్చేముందు, "అన్నా, పాత పేరు రాసి ఓడెక్కు. దిగాక నీ ఇష్టం" అన్నాడు.

"దాని కోసం నా తమ్ముడు పోయాడు," అన్నాడు లెవెల్‌మాన్. గొంతు పెంచలేదు.

ఆ ఓడ అందలేదు. తర్వాతి ఓడ దాకా మత్రాలో ఒక కడప వర్తకుడి గోడౌన్‌లో బియ్యం బస్తాల మధ్య ఉన్నాడు, మామ ఏర్పాటు చేశాడు. రెండోసారి గుమాస్తా జాబితా కింద ఖాళీలో తన కలంతోనే ఆ పేరు రాసి, టికెట్ ఇచ్చాడు. పైవాళ్లు ఏమన్నారో నాకు తెలియదు.

బరిశాల్ నుంచి ఉత్తరాలు వచ్చేవి. కొత్త దేశపు తపాలా బిళ్ల ఉన్న మొదటి కవరు క్యాంపంతా చూసింది. కూలిన వంతెనల దగ్గర లెవెలింగ్ చేస్తున్నానని రాశాడు. రాజ్యాంగం రాసుకున్నామన్నాడు, ఓట్లు వేశామన్నాడు. తర్వాత ఉత్తరాలు పొట్టివయ్యాయి. కరువు గురించి రాశాడు. డెబ్బై ఐదు మొదట్లో, దేశంలో ఒకే పార్టీ ఉండాలని చట్టం చేశారని రాసి, కింద ఏమీ రాయలేదు.

డెబ్బై ఐదులో నేను నిజ్వాలో ఉన్నాను. రోడ్లు లోపలి ఊళ్లదాకా వచ్చాయి, వెంట నేనూ వచ్చాను. ఆగస్టు పదిహేనున అక్కడి ఇండియన్ టీచరు ఒకాయన ఇంట్లో జెండా పండుగ. మిఠాయిలు పంచుకుంటుంటే రేడియోలో చెప్పారు, ఢాకాలో ఆ దేశ నాయకుణ్ణి కుటుంబంతో సహా సైనికులు చంపేశారని. నా చేతిలో లడ్డు అట్లాగే ఉండిపోయింది. మనకేం హక్కు ఉంది బాధపడటానికి అనిపించింది. మన దేశంలో ఎమర్జెన్సీ వచ్చి రెండు నెలలయింది. నాతో లాకప్పులో ఉన్న స్నేహితుడి ఉత్తరాలు రావడం ఆగిపోయింది. బాపు ఉత్తరాల్లో వానలు, వడ్లు తప్ప ఇంకేమీ ఉండటం లేదు. ఆరోజు లెవెల్‌మాన్ ముందు ఎంత గర్వపడ్డానో గుర్తొచ్చి, టీచరు ఇంటి నుంచి క్యాంపుదాకా ఎండలో నడిచి వచ్చాను.

డెబ్బై ఏడు వేసవిలో అతనే నిజ్వా బస్సు దిగాడు. తలంతా నెరిసింది. చేతిలో కొత్త దేశపు పాస్‌పోర్టు. మా కంపెనీలోనే చేరాడు. వచ్చిన రోజే ఎక్కడా కూర్చోకుండా, రూమ్‌లో నిలబడే, మన దేశంలో ఎన్నికలు ఎట్లా జరిగాయో చెప్పమన్నాడు. జైల్లోంచి వచ్చినవాళ్లు గెలవడం, ప్రధాని ఓడిపోవడం, ఓడి దిగిపోవడం. నేను చెప్తుంటే, "దిగిపోయిందా? నిజంగా దిగిపోయిందా?" అని రెండుసార్లు అడిగాడు.

"మరి మీ దగ్గర?" అన్నాను.

"మాకూ ఓటు పెట్టారు. సైనికాధికారి ఉండాలా వద్దా అని. అవును, కాదు, రెండే. అతనికి ఎదురు నిలబడ్డ అభ్యర్థి పేరు 'కాదు'. నేను 'కాదు'కు వేసి ఓడెక్కాను."

అతను నవ్వాడు గానీ నేను నవ్వలేకపోయాను. చాచా కొడుకు ఖైదు నుంచి క్షేమంగా ఇల్లు చేరాడని మామ ద్వారా తెలిసిందని చెప్పాను. అతను తల ఊపి, "చాచాకు ఉత్తరం రాయాలి. ఏ భాషలో రాయను?" అన్నాడు. రాశాడో లేదో తెలియదు. చాచా దేశంలో కూడా సరిగ్గా ఆ వేసవిలోనే మళ్ళీ సైన్యం గద్దె ఎక్కింది.

నిజ్వాలో అప్పటికి బెంగాలీ కుర్రాళ్లు చాలామంది వచ్చారు. శుక్రవారాలు వాళ్లకు ఫారాలు నింపిపెట్టేవాడు, రాజ్యాంగంలో ఏముందో చెప్పేవాడు. గుంపు పెరిగింది. ఇక్కడ రాజకీయాలు వద్దని కంపెనీ ఒకసారి చెప్పింది, రెండోసారి రాతలో ఇచ్చింది. ఏడాది తిరిగాక అతని కాంట్రాక్టు పొడిగించలేదు. బాధపడలేదు. "అక్కడ ఎన్నికలు పెడతారంటున్నారు. దొంగ ఎన్నికలైనా సరే, నేను అక్కడ ఉండాలి" అని బస్సెక్కాడు. ఆ తర్వాత ఒక్క ఉత్తరం వచ్చింది, ఊరి బడి కట్టడానికి లెవెల్ ఇస్తున్నానని. తర్వాత రాలేదు.

అతను పోయిన నెలకే నాకు సెలవు దొరికింది. ఊరికి పోగానే తాసిల్ ఆఫీసుకు పోయాను. ఓటర్ల జాబితాలో నా పేరు వెతికించాను. లేదు. ముప్పై ఏళ్లు నిండాయి, అప్పటిదాకా ఒక్క ఓటూ వేయలేదు.

"నువ్వు దుబాయిల ఉంటవంట గదా," అన్నాడు అక్కడి గుమాస్తా. "నీకెందుకు?"

"దుబాయి కాదు, మస్కట్. నాకు గావాలె."

"లిస్టు అయిపోయింది. మల్ల ఎప్పుడన్న రా."

"మల్లంటే ఎప్పుడు?"

అతను ఇంకో ఫైలు ముందేసుకున్నాడు. నేను బల్ల ముందు నుంచి కదలలేదు. భోజనాల వేళ దాకా నిలబడ్డాను. చివరికి విసుక్కుని ఒక కాగితం ఇచ్చి రాసిపొమ్మన్నాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు రాసి ఇచ్చాను. అది జాబితాలోకి ఎక్కిందో లేదో తెలిసేలోపే సెలవు అయిపోయింది. తిరుగు ఓడలో, లెవెల్‌మాన్‌లాగే కూర్చోలేక, మూడు రోజులు డెక్కు మీద నడుస్తూనే ఉన్నాను.